కోలాటవిద్య: దేశాంతరాంధ్రుల యభ్యాసము

రాజమహేంద్రవరమునకు నుత్తరమున నించుమించు 20 కిలోమీటర్ల దూరమునఁ గోరుకొండ యను గ్రామము కలదు. అచ్చట నిట్టనిలువుగా లేచిన కొండపై శ్రీ లక్ష్మీనరసింహస్వామి వెలసియున్నాఁడు. శాలివాహనశకము 1275, అనఁగాఁ గ్రీస్తుశకము 1353వ సంవత్సరమునాఁటి ముమ్మడినాయకుని శాసనము కోరుకొండయందుఁ గలదు. ఏటేట ఫాల్గుణశుద్ధ ఏకాదశినాఁడు స్వామికి రథోత్సవమును, గల్యాణోత్సవమును జరుగును. చుట్టుప్రక్కల గ్రామములనుండి జనులు తీర్థమునకు వత్తురు. వారితో భజనపరులును, గోలాటపు జట్టులును వచ్చును. ఈ వ్యాసమునకుఁ గారణమైన చిన్నసంగతి యొకటి యా తీర్థమునందే నా కన్నులయెదుట జరిగినది.

కొన్నియేండ్లక్రిందట, అమెరికాలోఁ బుట్టి పెరిగిన యొక బాలిక తన మాతామహుల యింటికి వచ్చి, వారివెంటఁ దీర్థమునకుఁ బోయెను. అచ్చటి జట్టు నాడుచుండఁగాఁ జూచి, తానును గోలాటము నేర్చితినని చెప్పెను. జట్టు పెద్ద సంతోషించి, యామె చేతికి రెండు కోలలిచ్చి వలయమునఁ జేర్చుకొనెను. పాట యామె యెఱిఁగినదే. అడుగును దాళమునకు సరిగానే పడెను. కాని రెండవ దెబ్బకే యామె కోల యెదుటి స్త్రీ వ్రేళ్లపైఁ బడెను. మరల మొదలిడిరి, మరల నట్లే జరిగెను. బాలిక సిగ్గుపడి కన్నుల నీరు పెట్టుకొనెను. అంతట జట్టు పెద్ద యామె యాట రెండు నిమిషములు పరికించి, “తల్లీ, నీకు రాకపోలేదు, కుడి యెడమయైనది, అంతియే” యని చెప్పి, యామెప్రక్కనే తాను నిలుచుండి నాలుగావృత్తము లాడించెను. అయిదవ యావృత్తమున నామె తప్పలేదు.

ఈ సంగతి వినుటకు స్వల్పము. కాని దీనిలో నొక పెద్ద ప్రశ్న యిమిడియున్నది. ఆ బాలిక సోమరియై తప్పు నేర్వలేదు. మిక్కిలి శ్రద్ధతో నేర్చినది. అట్లైనఁ దప్పు విద్యార్థినిదా, విద్య చేరిన మార్గముదా? వలయమునుండి వలయమునకుఁ జేతులమీఁదుగా వచ్చిన విద్య, సముద్రములు దాఁటి తెరబొమ్మలమీఁదుగా నేర్వఁబడునప్పు డేమి నిలుచును? ఏమి జాఱిపోవును? దీనిని విచారించుట నాట్యకోవిదులకే గాక భాషాసేవకులకును విధి. ఏలయన, కోలాటము పాటకు దేహము. దేహము మాఱినచోఁ బాటయు మాఱును.

మొదట శబ్దమును గూర్చి రెండు మాటలు. కోల, ఆట యను రెండు దేశ్యపదముల కలయికచే నేర్పడినది కోలాట. మువర్ణకము చేరి కోలాటమైనది. కన్నడమునఁ గోలాట యనియు, నరవమునఁ గోలాట్టమనియు, మలయాళమునఁ గోల్‌కళి యనియుఁ బేరులు గలవు. సంస్కృత గ్రంథములయందు దండరాసకమనియు, లకుటరాసమనియుఁ జెప్పఁబడినది యీ జాతి నృత్తమే. ఘూర్జరదేశపు దాండియారాసము దీని సోదరము. రెంటియందును గోలలును, జంటలును, వలయమును గలవు. భేదము పాటయందును, దాళగతియందును, దెబ్బల కూర్పునందును గలదు. కావున సోదరములని చెప్పుట యుక్తము; ఒకటే యని చెప్పుట యుక్తము గాదు.

కాకతీయ గణపతిదేవుని గజసేనాపతియైన జాయపసేనాని 1253-54 ప్రాంతమున రచించిన నృత్తరత్నావళి మనకు ముఖ్యమైన లక్షణగ్రంథము. అం దెనిమిది యధ్యాయములు గలవు. పూర్వార్ధము మార్గమునకును, నుత్తరార్ధము దేశికిని వినియోగింపఁబడినది. దేశినృత్తములలో రాసకమును, దండరాసకమును, బేరణియు, బ్రేంఖణమును జెప్పఁబడినవి. రాసకమున నఱువదినాలుగు జంటలవఱకు నాడవచ్చునని యాలంకారికులు చెప్పిరి. ఆ సేనానినాఁటిదే యైన పాలంపేట రామప్పగుడి 1213లో రేచెర్ల రుద్రునిచేఁ గట్టింపఁబడినది. దాని గోడలమీఁదఁ గోలలు పట్టి యాడు స్త్రీల బొమ్మల వరుసలు గలవు. విజయనగరమున మహర్నవమి దిబ్బపైఁ జెక్కిన శిల్పములందును వీరు కానవత్తురు.

పదునైదవ శతాబ్దమున విజయనగరమును జూచిన ఇటలీదేశస్థుఁడు నికొలో కొంతి యను యాత్రికుఁడు చెప్పిన వృత్తాంతమును బొజ్జియో బ్రచ్చొలీని యను పండితుఁడు లాటినుభాషలో వ్రాసి యుంచెను. ఆడువారు కొందఱు వరుసగా నొకరివెనుక నొకరు నడచుచుఁ బాడుదురనియు, ఒక్కొక్కరిచేత రంగులు పూసిన చిన్న కోలలు రెండేసి యుండుననియు, తిరుగుచు నెదురైన వారితో వానిని మార్చుకొందురనియు, చూచుటకది మిక్కిలి యింపుగా నుండుననియు నతఁడు చెప్పినాఁడు. ఆఱువందల యేండ్లక్రిందట నొక పరదేశి కంటఁబడిన యా యెదురుకోలు నేఁడును గోలాటమునకుఁ బ్రాణము.

ఇఁకఁ బ్రకృతము. మన గోదావరీ ప్రాంతమున నాడు విధమును సంగ్రహముగాఁ జెప్పెదను. ఆడువారి సంఖ్య సరిసంఖ్యగా నుండవలెను. ఒక్కొక్కరికి రెండు కోలలు. గట్టికఱ్ఱను నునుపుగాఁ దరిమెనపట్టించి చేసినవి. కొన్నింటికిఁ జివరల మువ్వలు గట్టుదురు. జంటలో నొకరికొకరు ఉద్ది యనఁబడుదురు. దెబ్బలును, నడుగులును, దిరుగుడులును గలిసిన యొక్కొక్క కూర్పునకుఁ గోపు అని పేరు. తాళములు పట్టి పాటయెత్తువాఁడు గురువు. అతఁడొక చరణము పాడును. ఆడువారు దానిని మరలఁ బాడుదురు. విలంబమున మొదలై, మధ్యమునకు వచ్చి, ద్రుతమున ముగియుట సామాన్యక్రమము.

మొదట నేర్పు కోపు నాలుగు దెబ్బలది. మొదటి దెబ్బకుఁ దన కోలలు తాను రొమ్మునెదుటఁ గలుపుకొనవలెను. రెండవదానికిఁ దన కుడికోలతో నుద్ది కుడికోలను దాఁకవలెను. మూఁడవది మరలఁ దన కోలలదే. నాలుగవదానికి నెడమకోలతో నెడమకోలను దాఁకవలెను. ఇది నిలుచుండి నేర్చినపిమ్మట నడుగు చేరును. అడుగు కుదిరినపిమ్మటఁ దిరుగుడు చేరును. తిరుగుడున నుద్దులు విడిపోయి, యొకరు వలయమునఁ గుడిచుట్టుగను, మఱియొక రెడమచుట్టుగను బోవుచు, నెదురైనవారితోఁ గోల గలుపుచు, నొకరిని లోపలినుండియు, వేఱొకరిని వెలుపలినుండియు దాఁటిపోదురు.

ఈ తిరుగుడున నొక చక్కని గణిత మున్నది. పదునాఱుగు రాడుచున్నారనుకొందము. అందెనమండుగురు కుడిచుట్టు, ఎనమండుగు రెడమచుట్టు. ఒక్కొక్కరును నెదురుజట్టువారిని వరుసగా నెనమండుగురను గలిసికొన్నపిమ్మటఁ దొల్లి విడిచిన తన యుద్దినే మరలఁ జూతురు. అప్పటికి వారు వలయమున సగమే తిరిగియుందురు; అనఁగాఁ బ్రారంభించిన చోటున కెదుటిదిక్కునఁ గలిసికొందురు. మఱి యెనిమిది కలయికలకుఁ దమ తావునకు వత్తురు. గురువు పాట చరణముల నీ లెక్కకుఁ దగినట్లు కూర్చుకొనును. పల్లవి వచ్చునప్పటికి నుద్దులు గలిసికొనవలెను. చదువురాని గురువులు గూడ నీ లెక్కను నోటఁ జెప్పకయే పాటలో నిలుపుకొనియుండుట గమనింపఁదగినది.

జడకోలాట మింతకంటెఁ గఠినము. నడుమ నొక స్తంభమునుండి గాని, చెట్టుకొమ్మనుండి గాని, పైకప్పుననున్న కడియమునుండి గాని రంగురంగుల త్రాళ్లు వ్రేలాడఁగట్టుదురు. ఒక్కొక్కరు నొకచేతఁ ద్రాటికొనను, వేఱొకచేతఁ గోలను బట్టుకొని, పైఁ జెప్పిన తిరుగుడునే తిరుగుదురు. లోపల, వెలుపల, లోపల, వెలుపల నని దాఁటుటచేఁ ద్రాళ్లు పైనుండి క్రిందికి జడగా నల్లుకొనును. దానిని విప్పుటయే నేర్పు. దిక్కు మార్చి తిరిగినంతమాత్రమున విడదు. తుది దాఁటు వెలుపలనైనవాఁడు మరలునప్పుడు మొదటి దాఁటును వెలుపలనే చేయవలెను. ఒక్కరు లోపలికిఁ దప్పినను ముడి పడును. ఆ ముడిని లాగి విప్పరాదు. తప్పిన చోటికి నందఱును గలిసి వెనుకకుఁ బోవలెను. ఒకరి తప్పు నొకరే దిద్దుకొనఁజాలని విద్య యిది. ఇంగ్లాండుదేశమున వసంతోత్సవములందు స్తంభము చుట్టును బట్టీల నల్లుచుఁ బిల్లలాడు మేపోల్ ఆటయు నీ విధముననే యుండును.

ఇట్టి విద్య మనవారివెంట సముద్రములను దాఁటిన తెఱఁగులు రెండు. మొదటిది కూలివలస. 1834 మొదలుకొని మారిషసుదీవికి భారతీయులు చెఱకుతోఁటలలోఁ బనిచేయుటకై ఒడంబడిక కూలీలుగాఁ గొనిపోఁబడిరి. గౌతమీ ముఖద్వారమునొద్దనున్న కొరంగిరేవు పేరే తెలుఁగువారికిఁ బేరై, యా దీవిలోను, బర్మాలోను వారిని గోరంగీలని పిలిచిరి. తరువాత నేటాలునకు 1860 మొదలుకొనియు, ఫిజీకి 1879 మొదలుకొనియు భారతీయ కూలీల యోడలు పోయినవి. దక్షిణదేశమునుండి ఫిజీకిఁ బోవుట 1903లో మొదలైనది. ఆ యోడలనెక్కినవారిలోఁ బెక్కండ్రకు వ్రాతయుఁ జదువును లేవు. వారు కొనిపోయిన గ్రంథాలయము తమ నాలుకయుఁ, దమ పాదములును మాత్రమే.

మారిషసు తెలుఁగువారియందు రామభజన మను నాచార మొకటి నిలిచియున్నది. నడుమ దీపము నిలిపి, దానిచుట్టును దిరిగి యాడుచుఁ గీర్తనలు పాడుదురు. సింహాద్రి యప్పన్నయు వారికి నారాధ్యుఁడు. సింహాచలమున వెలసినవాఁడు వరాహనరసింహుఁడు. కోరుకొండమీఁది దేవుఁడును నరసింహుఁడే. కొండ కనఁబడనిచోట దీపమును నడుమ నిలిపి చుట్టుఁ దిరిగిరని నేను దలఁచెదను. తరములు గడచినకొలఁది యింటఁ గ్రియోలుభాష పెరిగి తెలుఁగు తగ్గినది. పాటలలోని మాటల కర్థము తెలియనివారును బెక్కండ్రయిరి. ఐనను వలయము తెగలేదు. 1947లో మారిషసు ఆంధ్రమహాసభ స్థాపింపఁబడినది. 1990లో మూఁడవ ప్రపంచ తెలుఁగు మహాసభ లా దీవియందే జరిగినవి. అంతకుముందు 1981లో రెండవ సభలు మలేషియాలోఁ గౌలాలంపురమున జరిగినవి. దక్షిణాఫ్రికాయందలి ఆంధ్రమహాసభ 1931 నాఁటిది. ఈ సభలన్నియు భాషను నిలుపుటకుఁ బుట్టినవి. కాని యా భాష మనదను తలంపును నిలిపినవానిలో నాటపాటలు ముఖ్యములు.

రెండవది విద్యావంతుల వలస. అమెరికా సంయుక్తరాష్ట్రములలో 1965 నాఁటి వలసచట్టము ద్వారము తెఱచినపిమ్మట వైద్యులును, యంత్రశాస్త్రజ్ఞులును, దరువాత గణనయంత్రపు పనివారును వేలకొలఁదిగాఁ బోయిరి. 1977లో ఉత్తర అమెరికా తెలుఁగు సంఘము, అనఁగా తానా, యేర్పడినది. పిదప ననేకసంఘములు పుట్టినవి. ఉగాదికిని, సంక్రాంతికిని, దసరాకును జరుపు కూటములలోఁ గోలాటము చోటు సంపాదించుకొన్నది. తెలంగాణమువారి బతుకమ్మ, 2014లో రాష్ట్రపు పండుగయైన తరువాత, విదేశములందును మిక్కిలి యట్టహాసముగా జరుగుచున్నది. దానితోఁ గోలాటమును సాగుచున్నది. ఈ వలసవారు తెలుఁగు చదువనేర్తురు, పుస్తకములు గలవారు, కాని యూరి వలయమున నాడి యెఱిఁగినవారు వారిలోఁ గొలఁదిమందియే. కావున మొదటివారికిఁ బుట్టుకతో వచ్చిన దానిని వీరు పూనికతో నేర్వవలసివచ్చినది.

వారు నేర్చు విధ మిట్టిది. వారాంతమున నొక పాఠశాలయొక్క వ్యాయామశాలలోనో, గుడి యనుబంధశాలలోనో, యొకరి వాహనశాలలోనో పదిపండ్రెండుగురు గూడుదురు. అందఱిలోఁ గొంచె మెఱిఁగినవా రొకరు నాయకత్వము వహింతురు. గురువు లేనిచోఁ దెరమీఁది చలచ్చిత్రమే గురువు. పాట ముద్రితమైనదే మ్రోగును. ఒకటి, రెండు, మూఁడు, నాలుగని యెంచుచు నభ్యసింతురు. పండుగనాఁడు వేదికపై నైదాఱు నిమిషములు ప్రదర్శింతురు. ఇందు శ్రద్ధకుఁ గొఱఁత లేదు. ఐనను నాలుగు మార్పులు తెలియకయే కలుగుచున్నవి. వానిని వేర్వేఱుగాఁ జెప్పెదను.

మొదటిది కుడియెడమల తాఱుమాఱు. ఊరి గురువు వలయములోఁ బ్రక్కన నిలుచుండును; అతని కుడిచేయి శిష్యుని కుడిచేతివైపుననే యుండును. తెరమీఁది నాయిక చూచువారి కభిముఖముగా నుండును; ఆమె కుడిచేయి వీరి యెడమవైపునఁ గనఁబడును. అద్దమును జూచి యనుకరించినట్లనుకరించినవారి కుడి దెబ్బ యెడమయగును. ఆ తెరనే చూచి యందఱును నట్లే నేర్చుటచే వారి జట్టులో నా తప్పు బయటపడదు. ఎడమకోల యెడమకోలను గలిసికొనుచునే యుండును. వేఱొక వలయమునఁ జేరిననాఁడే తెలియును. కోరుకొండలో నా బాలికకు జరిగినది సరిగా నిదియే. దీనికిఁ బ్రతిక్రియ సులభము: వెనుకవైపునుండి తీసిన చిత్రముఁ జూపుట, లేదా నేర్పువారు శిష్యుల వరుసలోనే నిలుచుండుట.

రెండవది పాట గట్టిపడుట. సజీవముగాఁ బాడు గురువు పాదములను జూచుచుఁ బాడును. ఒక యుద్ది వెనుకఁబడినచోఁ బల్లవిని మరలనెత్తును; జట్టు వేడెక్కినచో లయను బెంచును; ముసలివారు చేరినచోఁ దగ్గించును. తీర్థమున దేవుని పాటయు, బెండ్లిలో వధూవరులపై ఛలోక్తియు నతఁ డాశువుగాఁ జేర్చును. ముద్రితమైన పాట కీ కన్నులు లేవు. అది యాడువారికొఱకు నిలువదు. ఆడువారే దానికొఱకుఁ బరువెత్తవలెను. తప్పిన యుద్ది తప్పిపోయినట్లే. ఇచ్చట నష్టపడినది యాట మాత్రమే కాదు. ఆశువుగా మాటను బుట్టించు శక్తి. సాహిత్యపరిశోధకుల కిది ముఖ్యమైన విషయము.

మూఁడవది వలయము విచ్చుకొనుట. వేదిక కొకవైపు చూచువారుందురు. వారికి వీఁపు చూపరాదను తలంపుతో వలయమర్ధచంద్రమగును, లేదా రెండు వరుసలగును. అర్ధచంద్రమునఁ జివర నిలిచినవానికి నెదురువచ్చువాఁ డుండఁడు. కావునఁ దిరుగుడు సాగదు. తిరుగుడు పోయినచో నుద్దులు మాఱరు; ఒక్కొక్కరు తమ స్నేహితులతోనే మొదటినుండి తుదివఱకు నాడుదురు. ఊరి కోలాటమున నెవరి కోలయైనను నందఱి కోలలను దాఁకక తప్పదు. ఆటయొక్క సామాజికార్థ మిదియే యని నా యభిప్రాయము.

నాలుగవది కోపుల పేరులు పోవుట. ఊళ్లలో నొక్కొక్క కోపునకు నొక్కొక్క పేరుండును. గురువు పేరు పిలిచినంతనే జట్టు మాఱును. సంఖ్యలతో నేర్చినవారికి రెండవ కూర్పు, మూఁడవ కూర్పు నని మాత్రము మిగులును. పేరు పోయిన కోపు మఱియొక జట్టునకుఁ జెప్పుటకు వీలుగాదు. నిఘంటువులు కోలాటమును జెప్పినవి గాని కోపుల పేరులను జెప్పలేదు. తెలుఁగుపదములు వ్రాయఁబడకయే నశించు తావులలో నిది యొకటి.

ఐనను దోషములనే యెంచుట న్యాయము గాదు. దేశాంతరమునఁ గలిగిన గుణములును గలవు. అచ్చట గోదావరివారును, రాయలసీమవారును, దెలంగాణమువారును, గులభేదము లేక, యొకే వలయమున నాడుచున్నారు. పురుషులును, స్త్రీలును గలిసి నేర్చుచున్నారు. పూనికతో నేర్చువారగుటచే “ఈ దెబ్బ యేల? ఈ మాట కర్థమేమి?” యని ప్రశ్నింతురు, ఊరిలో నెవరు నడుగని ప్రశ్నలివి. మఱియు మన గ్రామములందు మాత్రము చలచ్చిత్రపు గురువు లేఁడా? కోరుకొండ ప్రాంతపు బాలికలును నేఁడు చరవాణిలోఁ జూచి నూతనమైన కోపులు నేర్చుచున్నారు. ముద్రితమైన పాటలు తీర్థములందును మ్రోగుచున్నవి. కావున దేశాంతరుల చిక్కు మన చిక్కే. వారు మనకంటె ముందు దానిని జేరిరి, అంతియే.

ఈ విషయమున నొక విదేశీయ దృష్టాంతము మనకు దారిచూపును. ఇంగ్లాండుదేశమున సెసిల్ షార్ప్ అను సంగీతవేత్త 1899లో క్రిస్మసు మఱునాఁడు హెడింగ్‌టను గ్రామపు మారిస్ నర్తకులను జూచెను. మారిస్ నృత్తములందును గఱ్ఱలు దాఁకించుకొను కూర్పులు గలవు. అవి క్షీణించుచుండుట గాంచి యతఁ డొక్కొక్క గ్రామపు టడుగులను వేర్వేఱుగా వ్రాసి 1907 మొదలుకొని ముద్రించెను. 1911లో జానపద నృత్యసంఘమును స్థాపించెను. 1916-18 మధ్య నమెరికాలోని అపలాచియను కొండలకుఁ బోయి, పూర్వమిచ్చటినుండి వలసపోయినవారి సంతతివారి నోళ్లలోఁ దన దేశమున మఱుగుపడిన పాటల నెన్నింటినో వినెను. దీనివలన రెండు నీతులు తెలియుచున్నవి: వ్రాసినది మరల నేర్వవచ్చును, ఇంట మఱచినది యొక్కొక్కప్పుడు దూరపుబంధువు లింట దొరకును. మారిషసు దీపముచుట్టుఁ దిరుగు పాటలను మన పండితులు శ్రద్ధతో వినవలసియున్నది.

మన యింటనే యొక హెచ్చరిక కలదు. పేరణి నృత్తము నడుమఁ దెగిపోయినది. దానిని నటరాజ రామకృష్ణగారు నృత్తరత్నావళి లక్షణములను, రామప్పగుడి శిల్పములను నాధారముగాఁ గొని పునరుద్ధరించిరి. అది గొప్ప కృషి. కాని గ్రంథమునుండియు, శిలనుండియుఁ దీసికొనిన నృత్తమునకు నడుమ నున్న శతాబ్దముల పాటలు మరల రావు. కోలాటమునకు నట్టి గతి పట్టలేదు. తెగని తీఁగ యిది. తెగినపిమ్మట గ్రంథము వెదకుటకంటె, తెగకమునుపే వ్రాసికొనుట సులభము.

పాటల విషయమునఁ బూర్వులు కొంత శ్రమించిరి. రాజమహేంద్రవరమున నేదునూరి గంగాధరముగారు జానపదగేయములను సేకరించి మిన్నేరు మొదలగు సంపుటములను వెలువరించిరి. బిరుదురాజు రామరాజుగారి తెలుఁగు జానపదగేయ సాహిత్యము పరిశోధకులకు మార్గదర్శకమైనది. పాట దొరకినది గాని, యా పాటకు నడిచిన పాదము వ్రాయఁబడలేదు. ఆ లోపమును బూరించుట మన తరమువారి పని.

కావునఁ బాఠశాలల పండితులకు నొక మనవి. మీ యూరి తీర్థమునకుఁ గోలాటపు జట్టు వచ్చినప్పుడు నాలుగు సంగతులు వ్రాసికొనుఁడు: కోపు పేరేమి; అందు దెబ్బ లెన్ని, ఏ చేయి యెప్పుడు కలియును; తిరుగుడున నుద్దు లెన్ని కలయికలకు మరలఁ జేరుదురు; గురువు పాడిన చరణము లెవ్వి. చలచ్చిత్రము తీసినచో వలయము వెనుకనుండి యొకసారియు, వీలైనచో నెత్తునుండి యొకసారియుఁ దీయుఁడు. పాట మ్రోగునది గాక, పాడునదిగా నుండవలెను. ఇట్లు ప్రతి మండలమునుండియుఁ గొన్ని కోపులైనను జేరినచో, నిఘంటువునకు మాటలును, సాహిత్యమునకుఁ బాటలును, దూరదేశములందలి మన పిల్లలకు నిజమైన పాఠ్యగ్రంథమును లభించును.

దేశాంతరమందలి సోదరులకును నొక మనవి. తెరను విడువుఁడని నేను జెప్పను. గురువు లేనిచోఁ దెరయే గతి. కాని యేడాదికొకసారియైనను వేదిక దిగి నేలమీఁద వలయము గట్టుఁడు. చూచువారినిఁ గూడ నందుఁ జేర్చుకొనుఁడు. మీలోఁ గంఠము గలవారొకరు తాళములు పట్టి పాడుఁడు. పాట కుంటుపడినను దోషము లేదు. ఉద్దులు మాఱునట్లు తిరుగుఁడు. అప్పుడు కోలాటము మీకుఁ బ్రదర్శనమును గాదు, జ్ఞాపకచిహ్నమును గాదు, ఆటయే యగును.

ఆ బాలిక మఱునాఁడును దీర్థమునకు వచ్చెను. జట్టు పెద్ద పిలువకయే కోలలు తీసికొని వలయమున నిలిచెను. క్రొత్త కోపునకు గురువొక పేరు పిలిచెను. ఆమె ప్రక్కయుద్ది నడిగి యా పేరును తన చరవాణియందుఁ దెలుఁగక్షరములతో వ్రాసికొనెను. మన పరిశోధన యెచ్చట నారంభింపవలెనో యా పిల్లయే చూపినది.